చౌడమ్మ చిటికెనవేలి గోరు

బుధవారం తెల్లవారితే ఆళ్ళగడ్డలోని పాండురంగాచారి శిల్పశాలలో సుత్తి చప్పుడు వినిపించదు. ఆ దినం చెక్కుడు పనికి సెలవు. విగ్రహాల చేతులను తడిగుడ్డతో తుడిచి, ఆ వారంలో పెరిగిన గోళ్ళను సన్నని ఉలితో తీయడమే పని. స్త్రీశిలలో, అంటే అమ్మవార్లకు తగినదని శిల్పులు ఏరే రాతిలో, మలచిన దేవతకు ఉలితో కన్ను తెరిచే ఘడియ దాకా గోళ్ళు పెరుగుతూనే ఉంటాయి. కన్ను తెరిచాక ఆగిపోతాయి. రాలిన నల్లని నెలవంకలను ఆచారిగారి ఇల్లాలు కమలాక్షమ్మ చేటలోకి ఎత్తి వాకిట్లో ఉంచుతుంది. కొడవలి నూరుకొనడానికి వాటిని మించిన రాయి లేదని చుట్టుపక్కల పల్లెల సేద్యగాండ్రు అడిగి పట్టుకొనిపోతారు.

ఈ పనికి నియమాలు స్వల్పం. మంగళవారం, శుక్రవారం, అమావాస్య పనికిరావు. మనుష్యుల గోళ్ళకు పెద్దలు విధించిన కట్టుబాట్లే ఇవి. మనిషి తప్పితే ఇంటి పెద్ద కసరడంతో సరిపోతుంది. రాయి కసరదు.

రెండువేల మూడవ సంవత్సరపు వేసవిలో ఆ శాలయందు సిద్ధమవుతున్నది వెలుగోడు వారి చౌడమ్మ. నాలుగు చేతుల తల్లి. మూడు చేతులకు ఆయుధాలు, నాలుగవది క్రిందికి వాలి వరమిచ్చే చేయి. ఆ చేతి చిటికెనవేలు తక్కిన వేళ్ళకు ఎడమై, తొడిమ విడివడని మల్లెమొగ్గవలె సన్నగా నిలిచి ఉండేది. ఆచారిగారు తన జీవితకాలపు నేర్పునంతా ఆ ఒక్క వేలిలోనే దాచుకొన్నారని వీథివారు చెప్పుకొనేవారు. వైశాఖంలో ఒక శుక్రవారం కన్ను తెరవడానికి ముహూర్తం నిశ్చయమైంది. అప్పటికి ఇంకా నెలకు పైగా వ్యవధి ఉంది.

ఆచారిగారికి ఒక్కడే కొడుకు, మహీధర్. ఉలి తప్ప మరొక లోకం తెలియనివాడు. అతని భార్య ఉషశ్రీ నంద్యాల కంసాలివారి ఆడపిల్ల. పెండ్లికి ముందు పుట్టింటి ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకొని పెండ్లికూతుళ్ళ గోళ్ళకు రంగులు వేసేది. గోటిమీద మామిడిపిందె, నెమలి, గోపురం, అడిగితే వెన్నెల్లో చెరువు కూడా దించేది. పదవ తరగతి నుండి ఒక్కొక్క సీసాగా కూర్చుకొన్న సరంజామా ఒక రేకుపెట్టె నిండా ఉండేది: వంకాయ రంగు, కనకాంబరం రంగు, పిస్తా రంగు, నెమలికంఠపు రంగు నెయిల్ పాలిష్ సీసాలు, వెండ్రుకవంటి కుంచెలు, నునుపు ఆకురాళ్ళు, దూది, రిమూవర్, విరిగిన గోటిని అతికే జిగురు, దానిపై అంటించే పలుచని పట్టు ముక్కలు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాటి మధ్యాహ్నం ఆమె ఆ పెట్టె తెరిచింది. శాలలోనుండి ఆచారిగారి గొంతు వినవచ్చింది.

"ఏందీ కంపు?"

"కోడలి గోళ్ళ రంగు," అన్నది కమలాక్షమ్మ.

"రాయికి పడదు. ఎత్తిపెట్టమను."

పెట్టె అటకెక్కింది. అన్నం వార్చేటప్పుడు ఉషశ్రీ చూపు ఒక్కొక్కసారి అటకమీదికి పోయి రావడం మహీధర్ కంటబడుతూనే ఉండేది.

చైత్రమాసం చివరిలో ఆచారిగారు శ్రీశైలంలో ఒక మంటపస్తంభం బాగుచేయడానికి వెళ్ళారు. "బుధవారం అమ్మకు గోళ్ళు తీయి. శనివారం పొద్దున్నే వస్తా," అని కొడుకుకు చెప్పి బస్సెక్కారు.

బుధవారం మహీధర్ పని మీద అని చెప్పి నంద్యాల పోయి, ఆఖరి బస్సుకు తిరిగి వచ్చాడు. గురువారం అమావాస్య. శుక్రవారం నాటికి చౌడమ్మ గోళ్ళు వేలి కొసలు దాటి గోధుమగింజంత పొడుగున నిలిచాయి. తెల్లవారితే తండ్రి వస్తాడు. మహీధర్ చాలాసేపు ఆ చేతి ఎదుట కూర్చొని తనకు తాను ఒక ధర్మసూక్ష్మం చెప్పుకొన్నాడు: నిషేధం కత్తిరించడానికే గాని అరగదీయడానికి కాదు. ఉలి ముట్టకుండా గరుకు ఆకురాయి తీసుకొని, ఇటూ అటూ రాకి అరగదీయడం మొదలుపెట్టాడు. మూడు చేతుల గోళ్ళూ చక్కగా అణిగాయి. వరమిచ్చే చేతి చిటికెనవేలి దగ్గర, ఎండుపుల్ల విరిగినంత చప్పుడైంది.

గోటి అంచు నుండి సగం దాకా తెల్లని గీత దిగి ఉంది.

శనివారం ఆచారిగారు కాళ్ళు కడుక్కొని నేరుగా శాలలోకి నడిచారు. గీతను చూశారు. వంగి మరొకసారి చూశారు. ఆయన మాట్లాడినప్పుడు గొంతు పెరగలేదు.

"ఎప్పుడు?"

"నిన్న, నాయనా."

"నిన్న ఏం వారం?"

మహీధర్ గరుకు ఆకురాయిని తీసి తండ్రి ముందు పెట్టాడు.

"గోటివరకే ఉంటే గోటి సంగతే. వేలిలోకి దిగిందా, అమ్మ భిన్నమైనట్టు. భిన్నమైన తల్లికి కుందూ నదిలో కలపడమే గతి. మన ఇంటి కట్టుబాటు నీకు తెలుసు. విగ్రహం ఎవని చేతిలో పగిలిందో, ఆ చేతికి ఇంక ఉలి లేదు. మా చిన్నాయన అట్లే ఉలి వదిలి, ముసలితనం దాకా నంద్యాలలో తూకంరాళ్ళు మోసి బతికినాడు. నేను కట్టుబాటు తప్పను."

"తెలుసు నాయనా."

చల్లచెంబుతో వాకిట నిలిచిన ఉషశ్రీ ఈ మాటలన్నీ విన్నది. ఉలి లేని మహీధర్‌ను ఊహించబోయి ఆమె మనస్సు వెనుదిరిగింది. నిద్రలో సైతం అతని కుడిచేయి ఏదో పట్టుకొన్నట్టు ముడుచుకొని ఉంటుంది. చెంబు గడపమీద పెట్టి, లోపలికి వచ్చి, వంగి ఆ వేలిని పరిశీలించింది.

"రెండు పక్కలా రాకితివా?" అని భర్తను అడిగింది.

"ఊఁ."

"గోటిని ఒక పక్కకే రాకాలప్పా. అటూ ఇటూ పోతే పొరలు లేస్తాయి." తరువాత మామగారి వైపు తిరిగింది. "మామా, ఒక మాట చెప్పొచ్చా?"

"చెప్పు."

"గోరు పెరుగుతాంది గదా. గీత కూడా దాంతోపాటే పైకి పోతాది. అంచు దాటినాక తీసేస్తే అయిపాయ. అంతవరకు అది కిందికి దిగకుండా పట్టుకోవాల."

"ఏం పెట్టి పట్టుకుంటావు?"

ఉషశ్రీ చూపు ఇంట్లోని అటక వైపు పోయింది. ఆచారిగారు విగ్రహం వైపు చూశారు. ఆయన ఔనో కాదో అనకముందే, వెనుకనే వచ్చిన కమలాక్షమ్మ కొంగు నడుముకు దోపుకొంది.

"మహీ, నిచ్చెన యాడ పెట్టినావురా?"

పెట్టె దిగింది. ఉషశ్రీ రిమూవర్‌లో దూది ముంచి గోటిమీది చెమ్మ, నూనె, రాతిధూళి తుడిచింది. నునుపాకురాయితో, ఒకే దిక్కుకు, ఊపిరి బిగబట్టి అంచు సరిచేసింది. గీతలోకి జిగురు ఒక చుక్క జార్చి, పైన బియ్యపుగింజంత పట్టుముక్క పరిచి, దానిమీద రంగులేని పాలిష్ పలుచగా పూసింది. అది ఆరేదాకా నలుగురిలో ఎవరూ కదలలేదు.

మరునాడు ప్రొద్దున పూత లేదు. పట్టుముక్క ఎండుటాకులా పైకి లేచి ఉంది.

"తాగేసింది మామా," అన్నది ఉషశ్రీ.

"ఎండాకాలం. దప్పి ఉంటాది," అన్నారు ఆచారిగారు. "మళ్ళా పూయి."

అది మొదలు ఉదయం లేవగానే ఉషశ్రీకి మొదటి పని ఆ గోరు. పూత పూసినంతకాలం గీత కదలకుండా ఉండేది. పూత ఇంకిపోయిందంటే ఏ చిన్న అదురుకైనా క్రిందికి దిగడానికి సిద్ధంగా ఉండేది. రోజురోజుకూ గోరు నువ్వుగింజ మందాన పెరుగుతుంటే, గీత దానితోబాటు పైకి జరిగేది. రంగులేని సీసా నాలుగు ప్రొద్దులకే అడుగంటింది. ఆమె సందేహిస్తూ కనకాంబరం రంగు తీసింది.

"మామా, ఇంక రంగులే ఉండేది."

ఆచారిగారి కనుబొమలు ముడిపడ్డాయి. కన్ను తెరవని దేవతకు గోళ్ళ రంగు. ఆయన తన తాత నేర్పిన శ్లోకాలను లోలోపల ఒక్కొక్కటే తిరగవేశారు. అమ్మవారి పాదాలకు ఎర్రని లత్తుక పూత ఉంది. హస్తాలకు చందనం ఉంది. చిటికెనవేలికి కనకాంబరం రంగు లేదు. కాని వద్దనే శ్లోకం కూడా ఏదీ ఎదురు రాలేదు.

"లత్తుక అనుకుందాం," అన్నారు చివరకు.

అట్లు ఆ నల్లని తల్లి వేలికొసన దినానికొక రంగు వెలిగి, మరునాటికి రాతిలో కలిసిపోసాగింది. ఏ రంగు ఎవరి పెండ్లినాడు మొదటిసారి తెరిచిందో ఉషశ్రీకి గుర్తే. పిస్తా రంగు నంద్యాల నాగమణిది. తాళి కట్టేవేళ కూడా ఆ పిల్ల వరుణ్ణి చూడక గోళ్ళనే చూసుకొంది. వంకాయ రంగు ఆత్మకూరు నుండి వచ్చిన టీచరమ్మది. సీసాను తలక్రిందులు చేసి, అరచేతిలో తట్టి, కడపటి చుక్కను కూడా కుంచెకెత్తి ఆ రాతికి తాపేది. ఖాళీ సీసాలు కిటికీ గట్టున వరుసగా నిలిచాయి.

ఆ వీథిలో నడుమ నడుమ ఎన్నో శిల్పశాలలు. ఆచారిగారు ఎవరినీ అడుగలేదు. అయినా ఇరుగుపొరుగు శాలలలో సుత్తులు ఒక్కొక్కటే మౌనం వహించాయి. పెద్ద రాళ్ళు దించే లారీ వీథి మొదటనే ఆగేది. ఒక సాయంకాలం పెండ్లి ఊరేగింపు బ్యాండుతో, టపాసుల సరంతో మలుపు తిరిగితే కమలాక్షమ్మ ఎదురుపోయి వీథి నడుమ నిలుచుంది.

"ఏమత్తా, దావ ఇడువు," అన్నాడు సరం పట్టుకొన్నవాడు.

"మా అమ్మకు గోరు చీలింది. చప్పుడు పడదు. మీ పిల్లోడు పెండ్లి చేసుకోను పోతాండాడా, యుద్ధానికి పోతాండాడా?"

బ్యాండు ఆగిపోయింది. గుర్రం దిగిన వరుడూ, ముత్తైదువలూ చెప్పులు చేత పట్టుకొని ఆ నాలుగు ఇండ్లు దాటారు.

ముహూర్తం పదిరోజులలోకి వచ్చింది. వెలుగోడు గుడి పెద్ద ఆదెన్న జీపు దిగాడు. భారీ మనిషి, మాట మొరటు, భక్తి మరింత మొరటు. విగ్రహం పాడైందని తెలిస్తే ఆ ఊరు మరొకరి వద్దకు పోతుంది. అతడు వస్తున్నాడని విన్న క్షణంలోనే ఉషశ్రీ వంటింటినుండి ఒక నిమ్మకాయ తెచ్చి, కొసన తొలిచి, చౌడమ్మ చిటికెనవేలికి తొడిగింది.

ఆదెన్న దండం పెట్టుకొని, తల ఎత్తి, ఆ నిమ్మకాయను చూశాడు.

"గోరుచుట్టా?"

ఆచారిగారు పుట్టి బుద్ధెరిగిన తరువాత అబద్ధం ఆడలేదు. ఆయన వంగి విగ్రహం పీఠం మీది ధూళి తుడవసాగారు.

"గోటికి నొప్పి పెద్దాయనా," అన్నది ఉషశ్రీ. అది నిజమే.

"పాపం, పనెక్కువ గదా అమ్మకు." ఆదెన్న దగ్గరికి జరిగాడు. "ఈ కాయ వాడిపోయింది. మా తోటది జీపులో ఉంది, పెద్దది. మారుస్తా." అతని లావుపాటి వేళ్ళు నిమ్మకాయను పట్టుకొన్నాయి.

మహీధర్ విగ్రహం వైపు ఒక అడుగు వేశాడు. నిమ్మకాయతోపాటు పూత లేచిపోతే, ఆ లాగుడుకే గీత వేలిలోకి దిగుతుంది.

"ఆదెన్నా," అన్నారు ఆచారిగారు. "గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నారు పెద్దలు. ఇంక కన్ను తెరవలేదు ఆమె. ఎవరి చెయ్యని తెలుసుకుంటాది? అలవాటైన చేతినే ఉండనీ."

ఆదెన్న తన చేతిని చూసుకొన్నాడు. మెల్లగా వెనుకకు తీసుకొన్నాడు. "నిజమే," అని, తోటలోని నిమ్మకాయలన్నీ గంపతో దింపించి వెళ్ళిపోయాడు. జీపు చప్పుడు దూరమయ్యాక ఆచారిగారు విగ్రహం ముందు చాపమీద కూలబడ్డారు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ముహూర్తపు వారంలో మంగళవారం వచ్చింది. గీత అడుగుకొస వేలి కొసను దాటి దారమంత దూరం మాత్రమే పైకి వచ్చింది. బుధవారం తీయాలి, గురువారం విగ్రహం వెలుగోడు పోవాలి గనుక ఆ తరువాత కన్ను తెరిచే లోపల మరొక దినం లేదు. ఆ ప్రొద్దున ఉషశ్రీ, బుధవారం దాకా వస్తాయనుకొన్న సీసాలన్నీ వరుసగా తలక్రిందులు చేసింది. కుంచె పొడిగా వచ్చింది. రిమూవర్‌తో మూతలు కడిగి చూసింది. ఏమీ లేదు. నిన్నటి పూత అప్పటికే సగం ఇంకింది. ఊరిలోని దుకాణాలు తెరిచేసరికి ఎండ ముదిరి, ఉన్న పూత కూడా ఇంకిపోతుంది.

"లేదు మామా," అన్నది. "అయిపోయినాయి."

గీత చివర, కంటికి కనిపించీ కనిపించనంతగా, తెల్లదనం ఒక వెంట్రుకవాసి క్రిందికి జరిగింది. నలుగురూ చూశారు.

మహీధర్ లేచాడు. మూలనున్న రాతిపెళ్ళల కుప్ప దగ్గరికి పోయి, చేతులతో తవ్వి, దుమ్ముపట్టిన చిన్న కాగితపు పొట్లం తీశాడు. భార్య ముందు పెట్టాడు. పొట్లంలో మూత విప్పని సీసా. దానిమ్మగింజ రంగు.

"ఇది నా దగ్గర లేని రంగు," అన్నది ఉషశ్రీ మెల్లగా. "యాడిది?"

"నంద్యాలలో తెచ్చినా. నీకని."

"ఎప్పుడు?"

అతడు తండ్రి వైపు చూడకుండా చెప్పాడు. "ఆ బుధవారం. నీవు అటక పక్క చూస్తాంటే మనసు ఒప్పలా. గోరు చీలినాక ఇచ్చే మొగం లేక పూడ్చిపెట్టినా."

ఆచారిగారు అంతా విన్నారు. గోళ్ళు తీయవలసిన దినం కొడుకు ఎక్కడికి పోయాడో ఇన్నాళ్ళూ ఆయన అడుగలేదు. అడిగితే వినవలసి వస్తుందని భయపడ్డారేమో. ఆయన దృష్టి కొడుకు నుండి కోడలికి, కోడలి నుండి కిటికీ గట్టున ఎండలో మెరుస్తున్న ఖాళీ సీసాలకు మరలింది.

"పూయమ్మా," అన్నారు. "బిరీన. జారుతాంది."

దానిమ్మ రంగు ఒక పొర, ఆరిన వెంటనే మరొక పొర, సాయంత్రానికి ఇంకొకటి. రాయి తాగింది. ఆమె పోసింది. చీకటి పడేవేళకు గీత నిలిచింది.

బుధవారం సూర్యోదయానికి నలుగురూ స్నానాలు చేసి వచ్చారు. ఆచారిగారు ఉలి తీసి కొడుకుకు చాచారు. మహీధర్ రెండు చేతులూ వెనుకకు పెట్టుకొన్నాడు.

"నా చెయ్యి వద్దు నాయనా."

ఆచారిగారు తన వేళ్ళను చూసుకొన్నారు. తరువాత కోడలి వేళ్ళను చూశారు. ఉలి క్రింద పెట్టి, చాపమీద చోటు చూపించారు. ఉషశ్రీ కూర్చుంది. ఉలి ముట్టలేదు. పెట్టెలోనుండి తన నునుపాకురాయిని తీసి, చౌడమ్మ చేతిని ఎడమ అరచేతిలో ఆనించుకొని, నంద్యాలలో పెండ్లికూతుళ్ళకు చేసినట్టే, ఒకే దిక్కుకు రాకసాగింది. ఎండ వాకిలి దాటి శాలలోకి వచ్చింది. విగ్రహం పీఠాన్ని ఎక్కింది. చేతిని అందుకొంది. అప్పుడు గోటికొస విడివడి ఆమె ఒడిలో పడింది.

ఆచారిగారు దానిని వెలుతురులోకి తీసుకొనిపోయారు. నల్లని నెలవంక అంచున రంగులన్నీ పొరలు పొరలుగా పేరుకొని ఉన్నాయి: కనకాంబరం, పిస్తా, వంకాయ, నెమలికంఠం, అన్నిటికీ పైన దానిమ్మ. తెల్లని గీత ఆ ముక్కలోనే పుట్టి, ఆ ముక్కలోనే ముగిసింది. వేలిమీద మచ్చ లేదు.

ఆయన తిరిగివచ్చి, క్రింద పెట్టిన ఉలిని తీసి, కొడుకు కుడిచేతిని ముందుకు లాగి అందులో ఉంచి, వేళ్ళను ముడిచారు.

"శుక్రవారం కన్ను నీవు తెరువు."

వెలుగోడులో ఆ శుక్రవారం ప్రొద్దున, సీసాలో మిగిలిన దానిమ్మ రంగును ఉషశ్రీ ఆ చిటికెనవేలి గోటికి పూశాక, కన్ను తెరిచారు. తొలిచూపుకు అద్దం చూపారు, ఆవునూ దూడనూ చూపారు, కన్నెపిల్లలను చూపారు. ఆ ఘడియనుండి చౌడమ్మ గోళ్ళు ఆగిపోయాయి. కాని రెండు వారాలు గడవకముందే ఆదెన్న జీపు ఆళ్ళగడ్డ వీథిలో నిలిచింది.

"అమ్మ చిటికెనవేలు గోరు పెరుగుతాంది. అదొక్కటే. కోడలిని పంపు ఆచారీ."

"కన్ను తెరిచేటప్పుడు దానికి రంగుండె," అన్నారు ఆచారిగారు, కొంచెం ఆలోచించి. "కన్ను తెరిచింది ఆ గోరు చూసుండదు."

అప్పటినుండి పదిహేను దినాలకొక బుధవారం జీపు వచ్చేది. ఉషశ్రీ పెట్టె పట్టుకొని వెలుగోడు పోయి, తల్లి గోరు సవరించి, రంగు పూసి వచ్చేది. ఆమె గుడిమెట్లమీద కూర్చుంటే ఊరి ఆడవాళ్ళు తమ చేతులు కూడా చాచేవారు. గాజులు మొక్కుకొనేవారు నెయిల్ పాలిష్ సీసాలు మొక్కుకోసాగారు. ఆళ్ళగడ్డ శాలలో ఆ తరువాత వచ్చిన ప్రతి స్త్రీశిలకూ గోళ్ళు ఆమె చేతిలోనే. అటకమీద ఇప్పుడు నిమ్మకాయ ఊరగాయ జాడీలు ఉన్నాయి.

మొదటిసారి జీపు ఎక్కిన బుధవారం ఉషశ్రీ పెట్టె తెరిచి చూస్తే అడుగున ఒక కొత్త సీసా కనిపించింది. ఆమె కొన్నది కాదు. మహీధర్‌ను అడిగితే తనకు తెలియదన్నాడు. ఎర్రమట్టి రంగు, కొంచెం ముసలివాళ్ళు ఏరే రంగు. పెట్టెను జీపులోకి ఎత్తి పెట్టడానికి ఆచారిగారే వచ్చారు. పెట్టె ఆమె ఒడిలో ఉంచి, తలుపు వేసి, తొందరగా చేయి వెనుకకు తీసుకొన్నారు. అయినా ఆమె చూసింది. ఆయన బొటనవేలి గోటిమీద, ఎవరో అంగట్లో రంగు సరిచూడడానికి గీసినట్టు, ఎర్రమట్టి గీత ఒకటి, రాతిధూళితో రుద్ది రుద్ది కూడా పోనిది.

"రిమూవర్ పెడుదునా మామా?"

"ఉండనీలే," అన్నారు ఆచారిగారు. "ఈ పొద్దు బుధవారం, గోళ్ళ దినమే గదా."